కంప్యూటరులో దుబాసి

ప్రోగ్రాము అనగానే ఈ పత్రికను చదువువారికి రేడియో కార్యక్రమమే ముందుగా స్ఫురించును. నేడు మేము ముచ్చటింపదలచినది ఆ ప్రోగ్రామును గూర్చి కాదు. కంప్యూటరులో నడచు ప్రోగ్రామును గూర్చి. రేడియోతోపాటు కంప్యూటరు కూడ చేరిన ఇండ్లు నేడు అనేకములు. అట్టి ఇండ్లలో తరచుగ ఒక ప్రశ్న పుట్టుచుండును. మీడియం వేవు అందుకొను రేడియో ఏ కంపెనీదైనను సరే, దానిలో మన కేంద్రము వినబడును. పెట్టె మారినంత మాత్రమున పాట మారదు. కంప్యూటరు విషయమున ఇట్లేల కాదు? ఒక ఆపరేటింగ్ సిస్టము కొరకు తయారుచేసిన ప్రోగ్రామును మరియొక ఆపరేటింగ్ సిస్టముగల కంప్యూటరులో పెట్టినచో అది నడువదేల? నడపవలెనన్న మార్గమేమి?

ఇది కేవలము ఇంజనీర్ల వినోదము కొరకైన ప్రశ్న కాదు. ఒక వ్యాపారి పదేండ్ల ఖాతాలు ఒక ప్రోగ్రాములో నుండవచ్చును. ఒక వైద్యుని వద్ద రోగుల వివరములన్నియు మరియొక ప్రోగ్రాములో నుండవచ్చును. ఆ ప్రోగ్రామును తయారుచేసిన వారు దానిని ఒకే సిస్టము కొరకు ఇచ్చి యూరకుందురు. కొంతకాలమునకు ఆ కంపెనీయే మూతపడవచ్చును. అప్పుడు ఆ ఖాతాలు, ఆ వివరములు కంప్యూటరులో భద్రముగనే యున్నను తాళపుచెవి పోయిన భోషాణములోని సొమ్మువలె అక్కరకు రాకుండును. కావున పరాయి సిస్టము ప్రోగ్రామును మన సిస్టములో నడపుకొను ఉపాయము తెలిసియుండుట పొదుపునకును, స్వేచ్ఛకును సంబంధించిన విషయము.

ఈ ఉపాయములు పెక్కు కలవు. వానిలో మిక్కిలి సొగసైనది కెర్నల్‌లోనే దుబాసిని నియమించు పద్ధతి. దీనిని వివరించుటకు ముందు కెర్నల్ అననేమో తెలిసికొనవలెను.

కంప్యూటరులో లెక్కలు చేయు యంత్రభాగమును ప్రాసెసరు అందురు. ఇంటెల్, ఎ.ఎం.డి. కంపెనీల ప్రాసెసర్లు మన ఇండ్లలోని కంప్యూటర్లలో సాధారణముగ కనబడునవి. కూడుము, తీసివేయుము, ఈ అంకెను ఆ చోటికి మార్చుము అనునట్టి చిన్న చిన్న ఆజ్ఞలే ప్రాసెసరునకు తెలియును. ప్రోగ్రామనగా అట్టి ఆజ్ఞల వరుస. ఈ ఆజ్ఞలు ప్రాసెసరును బట్టి యుండునేగాని ఆపరేటింగ్ సిస్టమును బట్టి యుండవు. ఒకే ప్రాసెసరుపై విండోస్‌ను నడపవచ్చును, లినక్స్‌ను నడపవచ్చును, ఫ్రీబీఎస్‌డీని నడపవచ్చును. మూడింటిలోను కూడిక ఆజ్ఞ ఒక్కటే. కాబట్టి భాష యొక్కటేయై యుండగా తగవెచ్చట వచ్చుచున్నదను సందేహము కలుగుట సహజము.

తగవు కూడికలో లేదు, అడుగుటలో నున్నది. ప్రోగ్రాము తన లెక్కలు తాను చేసికొనగలదు. కాని తనంతట తాను డిస్కుమీద ఒక్క అక్షరమైనను వ్రాయలేదు, తెరమీద ఒక్క చుక్కనైనను పెట్టలేదు, ఇంటర్నెట్టు ద్వారా ఒక్క మాటనైనను పంపలేదు. ఒకే కంప్యూటరులో ఏకకాలమున అనేక ప్రోగ్రాములు నడచుచుండును. ఎవరికి తోచినట్లు వారు డిస్కుమీద వ్రాసినచో ఒకరి వ్రాత నొకరు చెరిపివేయుదురు. అందువలన ఈ వస్తువులన్నింటిపై అధికారము ఒక్కరికే అప్పగింపబడినది. ఆ అధికారియే కెర్నల్. ఇంగ్లీషున ఈ మాటకు గింజలోపలి పప్పు అని యర్థము. ఆపరేటింగ్ సిస్టమునకంతకును అదియే పప్పు, తక్కినదంతయు పైపొట్టు.

ప్రోగ్రామునకు ఏదేని కావలసినప్పుడు కెర్నల్‌నకు విన్నపము పంపుకొనును. ఈ విన్నపమునకు సిస్టమ్ కాల్ అని పేరు. దీనిని పంపు విధానము ఆఫీసులో నమూనా కాగితము నింపి యిచ్చుటవంటిది. ప్రతి విన్నపమునకును ఒక సంఖ్య కలదు. ప్రోగ్రాము ఆ సంఖ్యను ప్రాసెసరులోని ఒక నియమితమైన గడిలో నుంచును. ఏ ఫైలు, ఎన్ని అక్షరములు, ఎచ్చటినుండి యను వివరములను మరికొన్ని గడులలో నుంచును. పిమ్మట ఒక ప్రత్యేకమైన ఆజ్ఞ చేయును. వెంటనే ప్రాసెసరు ప్రోగ్రామును ఆపి కెర్నల్‌ను మేల్కొలుపును. కెర్నల్ సంఖ్యను చూచి తన పట్టికలో వెదకి ఆ సంఖ్యకెదురుగ నున్న పనిని చేసి, ఫలితమును గడిలో నుంచి, ప్రోగ్రామును మరల సాగనిచ్చును. లినక్స్‌లో ఇట్టి విన్నపములు 300కు పైబడి యున్నవి.

ఏ సంఖ్యకు ఏ పని యను ఒడంబడికలోనే సిస్టములు వేరుపడుచున్నవి. నేటి 64 బిట్ల లినక్స్‌లో ఒకటవ సంఖ్యకు వ్రాయుమని యర్థము. ఫ్రీబీఎస్‌డీలో ఒకటవ సంఖ్యకు ఇక నేను నిష్క్రమింతును అని యర్థము. లినక్స్ ప్రోగ్రామును తీసికొనివచ్చి ఏ ఏర్పాటును లేకుండ ఫ్రీబీఎస్‌డీలో నడపితిమనుకొందము. పాపమది నమస్కారమని తెరపై వ్రాయబోయి తన ప్రాణము తానే తీసికొనును. తెలుగున అవసరము అనగా కావలసియుండుట. అదే మాటకు తమిళమునను, కన్నడమునను తొందర యని యర్థము. మాట యొక్కటే, భావము వేరు. రెండు కెర్నళ్ల నడుమ నున్న చిక్కు ఇట్టిదే.

ఈ చిక్కును తీర్చుటకు నాలుగు మార్గములు వాడుకలో నున్నవి. మొదటిది, ప్రాసెసరును సైతము నటించుట: ప్రతి ఆజ్ఞను చదివి, దాని యర్థమును గ్రహించి, మన ప్రాసెసరు ఆజ్ఞలలోనికి మార్చి చేయుట. ప్రాసెసర్లే వేరైనప్పుడు ఇది తప్పదు. కాని ఇందులో వేగము కొంత నష్టపడును. రెండవది, కంప్యూటరులో మరియొక ఊహాకంప్యూటరును సృష్టించి దానిలో పరాయి సిస్టమును సంపూర్ణముగ స్థాపించుట. ఒక్క అతిథి కొరకు వేరొక ఇల్లు కట్టించుటవంటిది. పని జరుగును గాని స్థలమును, మెమరీయును ఖర్చగును. మూడవది, ప్రోగ్రామునకును కెర్నల్‌నకును నడుమ నుండు లైబ్రరీలను మరల వ్రాయుట. నాలుగవది మన విషయము. మన కెర్నల్‌లోనే పరాయి పట్టిక నొకదానిని చేర్చి, పరాయి ప్రోగ్రాము విన్నపము పంపినప్పుడు ఆ పట్టికను బట్టి అర్థము చేసికొనుట. ఇందులో కూడికలు, తీసివేతలు నేరుగ ప్రాసెసరుపైననే పూర్తి వేగముతో జరుగును. దుబాసి పలుకునది విన్నపము వచ్చినప్పుడు మాత్రమే.

ఈ నాలుగవ మార్గమునకు చక్కని ఉదాహరణము ఫ్రీబీఎస్‌డీ. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు 1969లో యూనిక్స్ అను సిస్టమునకు అంకురార్పణము జరిగినది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు బర్క్‌లీలో దానిని పెంపొందించి బీఎస్‌డీ అను శాఖను సిద్ధపరచిరి. ఆ శాఖనుండి 1993లో ఫ్రీబీఎస్‌డీ వెలువడినది. లినక్స్ పుట్టుక వేరు. ఫిన్లండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థియైన లీనస్ టోర్వాల్డ్స్ 1991లో దానిని క్రొత్తగ వ్రాయ మొదలిడెను. నడవడిలో యూనిక్స్‌ను అనుసరించినను దాని వ్రాతప్రతిని గైకొనలేదు. కావున వీరిద్దరును సొంత అన్నదమ్ములు కారు. ఒక్క గురువును చూచి నేర్చుకొన్నవారు మాత్రమే. కొద్ది సంవత్సరములలో లినక్స్‌నకు ప్రచారము హెచ్చి, వ్యాపార సంస్థలు తమ ప్రోగ్రాములను లినక్స్ కొరకు మాత్రమే విడుదల చేయసాగెను. తమవంతు ఎప్పుడు వచ్చునా యని ఎదురుచూచుటకు బదులు ఫ్రీబీఎస్‌డీవారు 1995లో వెలువడిన 2.1 సంచికలోనే లినక్స్ ప్రోగ్రాములను నడపు ఏర్పాటును చేర్చిరి. మొదట 32 బిట్ల ప్రోగ్రాములకు మాత్రమే యుండిన ఈ సదుపాయము 2016లో 10.3 సంచికతో 64 బిట్ల ప్రోగ్రాములకును లభించినది.

దుబాసి చేయవలసిన మొదటి పని వచ్చినవారు ఎవరో గుర్తించుట. ఈ రెండు సిస్టములలోను ప్రోగ్రాము ఫైళ్లు ఈఎల్ఎఫ్ అను ఒకే అమరికలో నుండును. ఫైలు ఆరంభమున ఇది ఏ సిస్టమునకు చెందినదో తెలుపు ముద్ర కొరకు ఒక స్థానము కేటాయింపబడినది. ఫ్రీబీఎస్‌డీ ముద్ర 9, లినక్స్ ముద్ర 3. అయితే లినక్స్ ప్రోగ్రాములలో చాలవరకు ఈ స్థానమును సున్నగనే వదలివేయుదురు. అట్టిచో కెర్నల్ మరియొక గుర్తును వెదకును. సాధారణముగ ప్రోగ్రాము తన లైబ్రరీలను కూర్చిపెట్టు సహాయకుని పేరును తనలో వ్రాసికొనియుండును. ఆ పేరు లినక్స్ సహాయకునిదైనచో ప్రోగ్రాము లినక్స్‌దే యని తేలును. ఇంటిపేరు చెప్పకున్నను వెంట వచ్చిన బంధువును బట్టి ఊరు పోల్చుకొనుటవంటిదిది. ఇట్లు గుర్తించిన పిమ్మట కెర్నల్ ఆ ప్రోగ్రామునకు లినక్స్ పట్టికను జతచేయును. పొరుగున నడచుచున్న ఫ్రీబీఎస్‌డీ ప్రోగ్రామునకు తన సొంత పట్టికయే యుండును. రెండును ఒకే కెర్నల్ క్రింద, ఒకే వేళ, ఒకదానినొకటి ఎరుగకుండ నడచుచుండును.

సంఖ్యలు మార్చినంతనే పని ముగిసినదని తలపరాదు. విన్నపముతోపాటు పంపు వివరములలో మరికొన్ని సంఖ్యలుండును. అసలు ప్రమాదము వానిలోనే దాగియున్నది. ఒక ప్రోగ్రాము ఖాతాల ఫైలును తెరువుమని కోరుచు, ఉన్న వ్రాతను ముట్టక చివరను మాత్రమే చేర్చెదనని చెప్పవలెననుకొందము. లినక్స్‌లో దీనికి గుర్తు 1024. ఫ్రీబీఎస్‌డీలో అదే 1024నకు ఫైలులోని వ్రాత యంతయు తుడిచివేయుమని యర్థము. దుబాసి ఏమరుపాటున ఈ యొక్క సంఖ్యను మార్చకుండ విడిచినచో, చివరను నేటి పద్దు చేర్చబోయిన వ్యాపారి పదేండ్ల పద్దులు ఒక్క క్షణమున మాయమగును. తప్పు జరిగినట్లు ఎవరికిని సూచనయైనను కలుగదు. రెండు వైపులవారును తమ తమ ఒడంబడిక ప్రకారము సక్రమముగనే ప్రవర్తించిరి. కావుననే ఈ పని చేయువారు ప్రతి గుర్తును చేతితో సరిచూచి పట్టిక కట్టుదురు. లినక్స్ 1024 వచ్చినచో ఫ్రీబీఎస్‌డీలో దానికి సరియైన 8ని కెర్నల్ గ్రహించును.

ప్రశ్నను మార్చినట్లే జవాబును గూడ మార్చవలెను. పని జరుగనప్పుడు కెర్నల్ ఒక తప్పు సంఖ్యను తెలుపును. ఫైలు లేదు అనుటకు రెండు సిస్టములలోను 2 యే. కాని 11వ సంఖ్య విషయము వేరు. లినక్స్‌లో 11 అనగా ఇప్పుడు వీలుకాదు, మరల ప్రయత్నింపుము అని. ఫ్రీబీఎస్‌డీలో 11 అనగా నీవు మరియొకరిని, వారు నిన్ను కనిపెట్టుకొని యుందురు, ఇక ఇది తెమలదు అని. చిత్రమేమనగా ఫ్రీబీఎస్‌డీ మరల ప్రయత్నింపుమని చెప్పుటకు 35ను వాడును. లినక్స్‌లో ఆ 35 యే తెమలని చిక్కునకు గుర్తు. రెండు సంఖ్యలును సరిగా తారుమారైనవి. జవాబు చెప్పు తీరు గూడ వేరు. లినక్స్ తప్పు సంఖ్యకు ముందు ఋణచిహ్నముంచి తిరిగి ఇచ్చును. ఫ్రీబీఎస్‌డీ సంఖ్యను మామూలుగనే యిచ్చి, తప్పు జరిగినదను సంగతిని ప్రాసెసరులోని వేరొక గుర్తుద్వారా తెలుపును. దుబాసి ఈ రెండింటిని సరిపుచ్చవలెను. ప్రోగ్రాములకు కెర్నల్ పంపు హెచ్చరికలును ఇట్లే మారవలెను. లినక్స్‌లో పదియవ హెచ్చరిక ప్రోగ్రాములు తమ సొంత సంకేతముగ వాడుకొనునది. ఫ్రీబీఎస్‌డీలో పదియవది మెమరీలో జరిగిన దోషమును తెలుపునది.

ఇంతటితో పలుకుబడి కుదిరినది. ఇక అతిథికి తన ఇంటి వాతావరణము కావలెను. లినక్స్ ప్రోగ్రాము తన లైబ్రరీలు ఫలానా చోట నుండునని నమ్మి వచ్చును. అచ్చట ఫ్రీబీఎస్‌డీవారి సొంత లైబ్రరీలు కనబడినచో పొసగదు. అందుచేత డిస్కుమీద కంపాట్ అను సంచిలో లినక్స్ అను ఒక చిన్న సంచి నేర్పరచి, అందులో ఒక లినక్స్ పంపిణీలోని లైబ్రరీలన్నింటిని యథాతథముగ ఉంచుదురు. లినక్స్ ప్రోగ్రాము ఏదేని ఫైలును కోరినప్పుడు కెర్నల్ ముందుగ ఆ చిన్న సంచిలో వెదకును. అచ్చట లేనియెడల మాత్రమే మామూలు చోట వెదకును. ప్రోగ్రామునకు ఈ సంగతి తెలియదు. నీవు ఎవరవు, నీ సంచిక యేది అని అది కెర్నల్‌నే అడిగినచో, నేను లినక్స్‌ను, నా సంచిక ఫలానా అని కెర్నల్ జవాబిచ్చును. ఏ సంచికయని చెప్పవలెనో కంప్యూటరు యజమానియే నిర్ణయింపవచ్చును. సిస్టము స్థితిగతులను తెలుపుటకు లినక్స్‌లో కొన్ని ఊహాఫైళ్లుండును. వానిని గూడ ఫ్రీబీఎస్‌డీ లినక్స్ మాదిరిగనే కల్పించి చూపును.

మరి దీనికి హద్దులు లేవాయని అడుగవచ్చును. కలవు. మొదటిది, ప్రాసెసరు ఒక్కటే కావలెను. మొబైలు ఫోనులలోని ఆర్మ్ ప్రాసెసరు కొరకు చేసిన ప్రోగ్రామును ఇంటెల్ ప్రాసెసరుపై నడపుటకు ఈ దుబాసి చాలడు. అచ్చట ఆజ్ఞలనే మార్చవలసియుండును. రెండవది, ప్రింటరువంటి పరికరములను నడపు డ్రైవర్లలో కెర్నల్‌లోపల నుండి పనిచేయునవి ఈ మార్గమున రావు. అవి విన్నపములు పంపునవి కావు, అధికారి ఇంటిలోపల తిరుగాడునవి. వానికి సొంత కెర్నలే కావలెను. మూడవది, ఇతరుల నడకను అనుసరించువారు నిత్యమును వెనుకబడియే యుందురు. లినక్స్‌లో క్రొత్త విన్నపములు చేరుచుండును. ఉదాహరణమునకు 2019లో 5.1 సంచికతో ఫైళ్ల పనులను గుంపుగ అప్పగించు ఒక క్రొత్త విధానము వచ్చినది. అట్టివి వచ్చినప్పుడెల్ల దుబాసి క్రొత్త పాఠము నేర్వవలసియుండును.

ఈ మూడవ హద్దు ఎంతటిదో తెలిసికొనుటకు మైక్రోసాఫ్ట్‌వారి అనుభవము తార్కాణము. 1993లో వెలువడిన విండోస్ ఎన్.టి. ఆదినుండియు ఈ భావమునకు అనుకూలముగనే నిర్మింపబడినది. దానిలో విండోస్ ప్రోగ్రాములకే గాక ఓఎస్/2 ప్రోగ్రాములకును, యూనిక్స్ తరహా ప్రోగ్రాములకును వేరువేరు విభాగములుండెను. 2016లో వారు విండోస్ 10లో లినక్స్ ప్రోగ్రాములను నడపు విభాగమును ప్రవేశపెట్టిరి. ఇది అచ్చముగ మనము చెప్పుకొన్న దుబాసి పద్ధతియే. లినక్స్ ప్రోగ్రాము పంపిన విన్నపమును విండోస్ కెర్నల్‌లోని ఒక డ్రైవరు అందుకొని, తన కెర్నల్ పనులలోనికి మార్చి నెరవేర్చెను. లినక్స్ కెర్నల్‌లోని ఒక్క పంక్తియైనను అందులో లేదు.

ఫ్రీబీఎస్‌డీకి లినక్స్ దూరపు బంధువైనను కావచ్చును. విండోస్‌కు మాత్రము పూర్తిగ పరాయిది. ఫైళ్ల పేర్లలో పెద్ద అక్షరములకును చిన్న అక్షరములకును భేదము పాటించుటలో, ఎవరికి ఏ ఫైలుపై ఎంత హక్కుండవలెనను నియమములో, ఒక ప్రోగ్రాము తననుండి మరియొక ప్రోగ్రామును పుట్టించు తీరులో రెండింటికి పొత్తు లేదు. లినక్స్ ప్రోగ్రాములు వేలకొలది చిన్న ఫైళ్లను క్షణక్షణమును తెరచి మూయుచుండును. లినక్స్‌లో అది చౌకయైన పని, విండోస్‌లో ఖరీదైనది. అందుచే ఫైళ్ల పనులు మందగించెను. విన్నపములన్నియు నెరవేరకపోవుటచే డాకర్ వంటి ముఖ్యమైన ప్రోగ్రాములు నడువనేలేదు. తుదకు మైక్రోసాఫ్ట్‌వారు 2019లో మార్గము మార్చుకొనుచున్నట్లు ప్రకటించి, మరుసటి యేడు రెండవ రూపమును విడుదల చేసిరి. ఇందులో దుబాసి లేడు. ఒక చిన్న ఊహాకంప్యూటరులో నిజమైన లినక్స్ కెర్నలే నడచును. అతిథి కొరకు వేరు ఇల్లు కట్టుటయే సులభమని వారు నిర్ణయించుకొన్నారన్నమాట. మొదటి రూపమును మాత్రము వారు వెంటనే తొలగింపక రెండింటిని ప్రక్కప్రక్కనే యుంచిరి.

ఇక తిరుగు ప్రయాణము మాట. విండోస్ ప్రోగ్రామును లినక్స్‌లో నడపుటకు ఇదే పద్ధతి పనికివచ్చునా? ఇచ్చట ఒక ముఖ్యమైన భేదము కలదు. లినక్స్‌వారు ఒకసారి ప్రకటించిన విన్నపపు సంఖ్యను మరల మార్చరు. పాత ప్రోగ్రాము క్రొత్త కెర్నల్‌పై చెడిపోరాదనుట వారి దృఢమైన నియమము. విండోస్‌లో కెర్నల్ సంఖ్యలు సంచిక సంచికకును మారుచుండును. అచ్చట స్థిరముగ నుండునవి పైనున్న లైబ్రరీల ఒడంబడికలే. కావున 1993లో ఆరంభమైన వైన్ అను ప్రయత్నము మూడవ మార్గమును పట్టినది. అది విండోస్ లైబ్రరీలను లినక్స్ వంటి సిస్టముల కొరకు క్రొత్తగ వ్రాసికొన్నది. వాల్వ్ కంపెనీవారు దీని ఆధారముననే 2018లో ప్రోటాన్ అను సాధనమును వెలువరించి, విండోస్ ఆటలను లినక్స్‌లో ఆడుకొను వీలు కల్పించిరి.

అయినను కెర్నల్ సాయము అచ్చటను కావలసివచ్చినది. కొన్ని విండోస్ ప్రోగ్రాములు లైబ్రరీలను దాటవేసి నేరుగ కెర్నల్‌కే విన్నపము పంపును. అది లినక్స్ కెర్నల్‌నకు తప్పుడు సంఖ్యగ తోచును. 2021లో వెలువడిన లినక్స్ 5.11 అట్టి విన్నపమును తాను నెరవేర్పబోక వైన్‌కే త్రిప్పి పంపు సదుపాయమును కల్పించినది. 2025లో వెలువడిన 6.14 సంచికలో మరియొక సదుపాయము చేరినది. ఒక ప్రోగ్రాములోని వేరువేరు పనులు ఒకదాని కొరకొకటి ఆగుటకు విండోస్‌లో నుండు పద్ధతిని అది కెర్నల్‌లోనే కల్పించును. ఇట్లు లైబ్రరీ మార్గమును, కెర్నల్ మార్గమును క్రమముగ చేయి కలుపుచున్నవి.

కెర్నల్ ఒక్కటే యైనంత మాత్రమున అన్నియు కుదురుననియు అనుకొనరాదు. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనులో నున్నది లినక్స్ కెర్నలే. ఐనను ఆండ్రాయిడ్ ప్రోగ్రామును మామూలు లినక్స్ కంప్యూటరులో పెట్టినచో అది తిన్నగ నడువదు. ఏలయన దానికి కావలసిన లైబ్రరీలు వేరు, తెరను వాడుకొను పద్ధతి వేరు. పప్పు ఒక్కటే, వంట వేరు. ఆ వంటకు వలయు సామగ్రినంతయు చేర్చి యిచ్చినప్పుడే అది నడచును. ఫ్రీబీఎస్‌డీవారు చిన్న సంచిలో లినక్స్ లైబ్రరీలను పెట్టుటలోని అంతరార్థము గూడ ఇదియే.

ఇంటనుండు కంప్యూటరును వాడువారికి దీనివలన కలుగు లాభమేమని అడిగినచో మేము మూడు మాటలు మనవిచేయుదుము. కంప్యూటరును గాని సిస్టమును గాని మార్చుటకు ముందు, తప్పనిసరిగ కావలసిన ప్రోగ్రాముల పేర్లు ఒక కాగితముపై వ్రాసికొనవలెను. ప్రతి దానికిని ఎదురుగ అది ఏ ప్రాసెసరు కొరకు, ఏ సిస్టము కొరకు చేయబడినదో, దానికి ప్రత్యేకమైన డ్రైవరు కావలెనో వలదో గుర్తించుకొనవలెను. ప్రాసెసరు ఒక్కటేయై, డ్రైవరు అక్కర లేనియెడల దుబాసి పద్ధతిగాని లైబ్రరీ పద్ధతిగాని ఫలించు ఆశ కలదు. లేనియెడల ఊహాకంప్యూటరే శరణ్యము.

రెండవ మాట: పరాయి ప్రోగ్రాము నడచినంత మాత్రమున దానిని నమ్మి అసలు ఖాతాలను అప్పగింపరాదు. ముందుగ నకలు తీసి, నకలుపై పనిచేయించి, ఫలితమును సరిచూచుకొన్న పిమ్మటనే అసలు ఫైళ్లను ముట్టనీయవలెను. 1024 కథ జ్ఞాపకముంచుకొన్నచో ఈ జాగ్రత్త వృథాశ్రమ యనిపించదు. మూడవ మాట: దుబాసి కావలివాడు కాడు. మంచి ప్రోగ్రామునకు చేయు సాయమే చెడ్డ ప్రోగ్రామునకును చేయును. పరాయి సిస్టము నుండి వచ్చినదగుటచే ఇది మన ఫైళ్లకు హాని చేయలేదను ధైర్యము తగదు. మన హక్కులతో నడచు ప్రోగ్రాము ఏ సిస్టము కొరకు పుట్టినదైనను మన ఫైళ్లను ముట్టగలదు.

చివరకు తేలినదేమనగా, ప్రోగ్రామునకు కెర్నల్ పేరుతో పనిలేదు. తాను అడిగినప్పుడు ఒడంబడిక ప్రకారము జవాబు వచ్చినచో చాలును. ఆ ఒడంబడిక బహిరంగముగ ప్రకటింపబడి, స్థిరముగ నిలచినప్పుడు ఇతరులు దానిని నేర్చి పాటింపగలరు. పాత వ్రాతలు, పాత లెక్కలు యంత్రములు మారినను బ్రతుకగలవు. లినక్స్ సంఖ్యలు మారకుండుటచేతనే ఫ్రీబీఎస్‌డీలోని దుబాసికి 1995నుండి నేటివరకును కొలువు సాగుచున్నది. క్రొత్త ప్రోగ్రామును కొనునప్పుడు ధరయొక్కటే గాక, దానిలో మనము వ్రాసికొన్న లెక్కలు రేపు మరియొక చోట తెరచి చదువుకొనుటకు వీలుండునా యని కూడ అడిగి తెలిసికొనుట మంచిది.